బిల్లు పాసైన బిలం

"సోదర సోదరీమణులారా! ప్రపంచంలో ఏ వార్డుకూ దక్కని గౌరవం మన సూరత్ పాండేసరకు దక్కింది. మన కాలనీలో బ్లాక్ హోల్ వెలిసింది!"

పార్టీ తెలుగు విభాగం కన్వీనర్ భుజంగరావుగారు మైకులో ఈ ప్రకటన చేయగానే, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది లలితమ్మ. ఆమెకు 'హాల్' అని వినిపించింది మరి.

"తాళంచెవి ఎవలకిస్తరు సారూ?" అని అడిగింది ఆశగా.

"దేనికమ్మా?"

"హాల్‌కు."

"హాల్ కాదు తల్లీ, హోల్! తెలుగులో కృష్ణబిలం. అదిగో!" అంటూ ఆయన మైదానం నడుమనున్న గుంతను చూపించారు.

చప్పట్లు కొట్టిన చేతుల్ని ఏం చేయాలో తోచక లలితమ్మ కొంగుకు తుడుచుకుంది.

ఆ గుంతకు ఘనమైన చరిత్రే ఉంది. మూడు వానాకాలాల కిందట బి బ్లాకుకు హాల్ కట్టిస్తామని మంత్రిగారు స్వయంగా వచ్చి శంకుస్థాపన రాయి వేశారు. పునాది తవ్వారు. ఆ తర్వాత బిల్లు పాసైంది, బిలం మిగిలింది. రాయి గుంతలోకి జారిపోయింది. పైన వాన నీళ్ళు నిండాయి.

లలితమ్మకు హాల్ లేకపోయినా ఫరవాలేదు, మైదానం కావాలి. మరమగ్గాల మిల్లుల్లో సాంచెల మీద పనికి సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళు ఏటా బతుకమ్మ ఆడేది అక్కడే. గుంత పడ్డాక రోడ్డెక్కారు. తంగేడు దొరకని సూరత్‌లో బంతిపూలతోనే నిలువెత్తు పేర్చిన లలితమ్మ బతుకమ్మ మీదుగా నిరుడు ఒక టెంపో హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది. ఈసారి సద్దుల బతుకమ్మ నాటికి మైదానం దక్కకపోతే ఇక ఆటే వద్దని ఆడవాళ్ళంతా తేల్చేశారు. వద్దనని మనిషి లలితమ్మ ఒక్కతే.

ఇక భుజంగరావుగారి ప్రతిభ. ఆయన రైల్వేలో రిటైరై పార్టీలో ఎక్కినవారు. ప్లాట్‌ఫారం మారింది గానీ ప్రసంగం మారలేదు. ఊళ్ళో కలిగినవాళ్ళుండే అడాజన్‌లో ఉంటారు. కూతురు ఉదయశ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆ అమ్మాయి మాటవరసకు చెప్పింది: బరువైన వస్తువు చుట్టూ స్థలమే కాదు, కాలమూ వంగుతుందట. ఎంత దగ్గరికి వెళితే గడియారం అంత నెమ్మదిస్తుందట. మహా బరువంతా ఇరుకు చోట కూరుకుపోతే దాని చుట్టూ ఒక హద్దు ఏర్పడుతుందట. ఆ హద్దు దాటి లోపలికి పోయింది వెలుగే అయినా వెనక్కి రాదట.

భుజంగరావుగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ మేం చేసింది ఆలస్యం కాదన్నమాట. సాపేక్షం! ఇక ఎవరికీ ఆక్షేపం ఉండకూడదు!"

"నాన్నా, అది స్టార్స్ సంగతి."

"మేమూ స్టార్ క్యాంపెయినర్లమే కదమ్మా!"

మర్నాటికల్లా గుంత చుట్టూ తాడు, తాడుకు బోర్డు: 'ఘటనా క్షితిజం. హద్దు దాటరాదు.'

"గుంత పూడ్పియ్యిమంటే బోర్డు పెట్టిస్తిరేంది సారూ?" లలితమ్మ నిలదీసింది.

"పూడ్చకూడదమ్మా. ఎంత మట్టి పోస్తే అంత బరువు. ఎంత బరువైతే బిలం అంత పెద్దదవుతుంది. సైన్సు!"

"మరి హాల్?"

"హాల్ ఎక్కడికీ పోలేదు. లోపలుంది. దాని వెలుగు మన కంటిదాకా రావడం లేదంతే."

"మూడేండ్లాయె గద సారూ!"

"మీకు మూడేళ్ళు. బిలం అంచున నిలబడి పనిచేస్తున్న మాకు మూడు పూటలు."

లలితమ్మ భర్త లింగమూర్తికి ఈ ముక్క తెగ నచ్చింది. "గట్లయితే నా సాంచను గీ గుంత పక్కకు ఏపియ్యిన్రి సారూ. సేఠ్ గడియారంల షిఫ్టు ఒడుస్తది, నాకు ఛాయ్ తాగినంత సేపే!"

"పరిశీలిస్తాం" అన్నారు భుజంగరావుగారు. గురుత్వం ఆయనది, ఆకర్షణ కుర్చీది.

సద్దుల బతుకమ్మ రోజున మంత్రిగారే వచ్చి ఈ కృష్ణబిలాన్ని జాతికి అంకితం చేస్తారని కబురొచ్చింది. భుజంగరావుగారు లలితమ్మను పిలిపించారు.

"అసలైన బిలం చుట్టూ పదార్థం గిరగిరా తిరుగుతూ మెరుస్తుందమ్మా. మీరంతా గుంత చుట్టూ బతుకమ్మ ఆడాలి. మీరే ఆ పదార్థం."

"పదార్థాలంటే సద్దులు గూడ తెస్తం సారూ. గని ఒక్క మాట. షురూ జేసినంక కడదాక ఆడుతం. నడుమ ఆగుమనద్దు."

"ఆపేదెవరు?" అన్నారాయన ఉదారంగా. బతుకమ్మను ఆయన ఫోనులో మాత్రమే చూశారు, అదీ సగం వీడియో.

మంత్రిగారు వచ్చారు. గుంత ఒడ్డున షామియానా కింద కూర్చుని, ఆడవాళ్ళు వలయంగా తిరగడం చూసి "అరే వాహ్! గర్బా!" అని మురిసిపోయి కోలాటం కర్రలు కావాలన్నారు.

భుజంగరావుగారు మైకు అందుకున్నారు. "అనంతమైన లోతు! ఇందులోకి పోయిన ఏ వస్తువూ తిరిగి రాదు!"

పాట ముగిసింది. ఆడవాళ్ళు బతుకమ్మల్ని నెత్తికెత్తుకుని తిన్నగా తాడు దగ్గరికి నడిచారు. లలితమ్మ తాడు పైకెత్తింది.

"ఆగండమ్మా! అనంతం! అనంతం!"

"బతుకమ్మను నీళ్ళల్ల ఇడువకుంట మల్ల ఇంటికి పట్కపోతరా సారూ?" అంటూ ఆమె గుంతలోకి దిగింది.

అనంతం ఆమె మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది.

విడిచిన బతుకమ్మలు గాలికి తేలుతూ మంత్రిగారి బూట్ల వైపే తిరిగొచ్చాయి. అంతలో లలితమ్మ కాలికి ఏదో తగిలింది. లింగమూర్తిని కేకేసింది. ఇద్దరూ కలిసి గట్టుకు లాగారు. శంకుస్థాపన రాయి!

మంత్రిగారు జేబురుమాలు తీసి రాతి మీద బురద తుడిచి, చెక్కిన తన పేరు చూసుకున్నారు. "మేరా నామ్!" అన్నారు గద్గదంగా.

భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు. "సభకు చిన్న వివరణ. మైకు లోపం వల్ల హాల్ అనే మాట హోల్ అని..."

లలితమ్మ తడి చేత్తోనే మైకు తీసుకుంది. "అందరు ఇనుర్రి. గిది హాల్ కోసం తవ్విన హోల్. హాల్ కట్టలే, హోల్ పూడ్చలే. మైకు మంచిగనే ఉన్నది."

సంగతి అందరికీ బోధపడింది. మంత్రిగారికి మరీ బాగా బోధపడింది. వెంటనే కొబ్బరికాయ తెప్పించి, అదే రాయిని అదే గుంత ఒడ్డున మళ్ళీ నిలబెట్టి శంకుస్థాపన చేశారు. కన్వీనర్ గారి పర్యవేక్షణలో పనులు తక్షణం మొదలవుతాయని ప్రకటించి, కారెక్కి వెళ్ళిపోయారు.

భుజంగరావుగారు కూడా కారు వైపు కదలబోతుంటే, లలితమ్మ మంత్రిగారు లేచిన కుర్చీని తాడు లోపల, ఒడ్డు మీద వేసింది.

"గీడ కూసోన్రి సారూ. మీ పరివేక్షణలనే గద పని! మాకు మూడేండ్లయినా మీకు మూడు పూటలే."

"అమ్మా, అది... అది నక్షత్రాల సంగతి..."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆడవాళ్ళు మళ్ళీ చేతులు కలిపారు. వలయం తిరిగింది. హద్దు లోపలి నుంచి ఆయన చాలాసేపు ఏదో ప్రకటిస్తూనే ఉన్నారట. పాట అంత గట్టిగా ఉండడంతో, బయటికి మాత్రం ఒక్క ముక్కా రాలేదు.