అవార్డుల సభకు కోత

ఒక మనిషికి పదిమందిలో సన్మానం చేసి, చేసిన జాడ కూడా మిగలకుండా తుడిచేయగల ఏర్పాటు నాగరికత మొత్తంలో ఒక్కటే ఉంది. దాన్ని సినిమా అవార్డుల సభ అంటారు. టీవీ వీధికొకటి ఉండే రోజుల్లో ఆ ఏర్పాటు మా ఇంటి మీదుగా కూడా వెళ్లింది. ఆ ఏడు ఉత్తమ ఎడిటర్ మా బావ.

ఆ అవార్డు బావకంటే మా అక్కకే ఎక్కువ అవసరం. ఇంటి ఓనరమ్మ ఆవిణ్ని వదిలేది కాదు.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"సినిమాలు కట్ చేస్తారండీ."

"కట్ చేసిన ముక్కలేం చేస్తారు?"

"పారేస్తారు."

"పారేసేదానికి జీతమా?" అనేసి ఆవిడ లోపలికి వెళ్లిపోయేది. అక్క గుమ్మంలో నిలబడి ఉడుక్కునేది.

సభ సర్వం నిబంధనల ప్రకారమే జరిగింది. బంగారు రంగు బొమ్మ ఒక్కటే తయారైంది (మిగతావి తయారీలో ఉన్నాయని బొమ్మల ఉపసంఘం ప్రకటించింది, నేటికీ అదే మాట మీద నిలబడి ఉంది). కాబట్టి ప్రతి విజేతా దాన్ని అందుకుని, జనానికి చూపించి, తెర వెనక బల్ల దగ్గర అప్పగించాలి. బావ కాస్త గట్టిగా పట్టుకున్నాడు. "పట్టుకోమన్నాం గానీ ఉంచుకోమన్నామా?" అని బల్ల దగ్గరి అధికారి మందలించాడు. చివరి విజేత హీరోగారు కనక బొమ్మ ఆయన కారెక్కింది. సాంకేతిక నిపుణుల వంతు వచ్చినప్పుడు ఫిల్ము వృథా చేయరాదన్న మరో నిబంధనను గౌరవించి ఫొటోగ్రాఫర్లు టీ తాగారు.

ఇక మిగిలిన సాక్ష్యం సభను తీసిన సినిమా కెమెరా ఒక్కటే. అది తీసింది ఆదివారం సాయంత్రం టీవీలో వస్తుందని తెలియగానే, అక్క వీధి వీధంతటినీ టీవీ ఉన్న ఓనరమ్మ హాల్లోకి పిలిచేసింది.

అయితే సభ పూటంతా సాగింది. టీవీవాళ్లు ఇచ్చింది గంట. కుదించగల సమర్థుడెవరా అని కమిటీ తర్జనభర్జన పడి, ఆ ఏటి ఉత్తమ ఎడిటర్‌నే పిలిచింది.

ఆ రోజు భోజనం క్యారియర్ పట్టుకెళ్లిన నేను ఎడిటింగ్ గదిలోనే ఉన్నాను. కమిటీ కార్యదర్శి కుర్చీ లాక్కుని బావ పక్కన కూర్చున్నాడు.

"ముఖ్య అతిథిగారి ప్రసంగం తగ్గిద్దామా?" అన్నాడు బావ.

"ఆయన నొచ్చుకుంటారండీ."

"హీరోగారు కారు దిగడం మూడుసార్లు ఉంది."

"మూడూ మూడు రకాలుగా దిగారు కదా."

అప్పుడే ఎడిటింగ్ మిషన్ తెర మీద బావ బొమ్మ అందుకుంటున్నాడు. కార్యదర్శి ఆ ముక్కను ప్రేమగా చూశాడు.

"ఇది ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఎడిటర్‌గా మీరే చెప్పండి. ఇది లేకపోతే సభకేమైనా లోటా?"

బావ దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. నాకైతే ఆ పెద్దమనిషిని కుర్చీతో సహా వీధిలో పెట్టాలనిపించింది.

"లోటేం లేదు," అన్నాడు బావ. (నిజాయితీపరులతో వ్యవస్థలకు ఎంత సుఖమో చూడండి.)

"చప్పట్లు మాత్రం పారేయకండి," అన్నాడు కార్యదర్శి లేస్తూ. "మీకు బాగా పడ్డాయి. ముఖ్య అతిథిగారికి ఒక్కటీ పడలేదు."

ఆదివారం అక్క ముందు వరసలో కూర్చుంది. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు, నాకూ రాలేదు. హీరోగారు మూడు రకాలుగా కారు దిగారు. ముఖ్య అతిథి ప్రసంగానికి సభ చప్పట్లతో దద్దరిల్లింది. హీరోగారు బొమ్మ ఎత్తారు. కార్యక్రమం అయిపోయింది.

అక్క వెనక్కి తిరిగింది. "మీరేరండీ?"

"ఆ చప్పట్లు నావే," అన్నాడు బావ.

ఓనరమ్మ టీవీ కట్టేసింది. అక్క లేచి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

కార్యక్రమం నడిచినంతసేపూ అతుకు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నేను కళ్లు చించుకుని చూశాను. దొరకలేదు. ఉత్తమ ఎడిటర్ ఎంపికలో కమిటీ ఏ పొరపాటూ చేయలేదు.