ఒక్క చుక్క కూడా వదలకుండా

టీ చల్లారేలోపు పెయింటింగ్ మేస్త్రికి మెయిలు పెట్టేసి పదింటి రైలెక్కాలని పిల్లల పళ్ళ డాక్టరమ్మ అనుకుంది. వేరే ఊళ్ళో మూడు రోజుల శిక్షణ. తిరిగొచ్చేసరికి క్లినిక్ గోడలు కళకళలాడుతుండాలి. సోమవారం ఒక హెడ్‌మాస్టరమ్మ పాతికమంది పిల్లల్ని పరీక్షకు తీసుకొస్తోంది. అది సజావుగా జరిగితే ఆ బడి పిల్లలందరి పళ్ళూ ఇకమీదట ఈవిడ చేతికే వస్తాయి. చిక్కల్లా ఒకటే. ఆ గుమ్మం చూడగానే పిల్లలు శోకాలు పెడతారు. తెల్ల గోడలే వాళ్ళను హడలెత్తిస్తున్నాయని డాక్టరమ్మ గట్టి నమ్మకం.

ఆవిడకు మెయిలు రాయడమంటే పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినంత సరదా. వెయిటింగ్ హాలు పేరు నారింజ రంగులో, చికిత్స గది పేరు నీలంలో, ఎక్స్‌రే గది పేరు లేతాకుపచ్చలో రాసింది. ‘ఏ గది పేరు ఏ రంగులో ఉందో, సీలింగుతో సహా ఆ గదికి అదే రంగు వేయండి’ అని పైన ఒక వాక్యం పెట్టింది. ముఖ్యమైన మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని బోల్డ్ చేసింది. ఆవిడకు ముఖ్యం కాని మాటంటూ లేదు కాబట్టి, మెయిలంతా బోల్డే అయింది.

మేస్త్రి కంప్యూటర్ ఏ మెయిలునైనా ప్లెయిన్ టెక్స్ట్‌గానే తెరుస్తుంది. రంగులూ సోకులూ జల్లెడ పట్టేసి అక్షరాల్ని మాత్రం ముందు పెడుతుంది. బోల్డ్ చేసిన ప్రతి మాటకూ అటొక నక్షత్రం, ఇటొక నక్షత్రం గుర్తు తగిలించి చేతులు దులుపుకుంటుంది.

మేస్త్రి ఆ మెయిలును కాగితం మీద తీసుకుని మూడుసార్లు చదివాడు. గదుల పేర్లన్నీ నలుపులోనే ఉన్నాయి, మాటమాటకీ అటూ ఇటూ నక్షత్రాల్లాంటి చుక్కలు. ముప్ఫై ఏళ్ళ అనుభవంలో పిల్లల గదికి నలుపు వేయమన్నవాళ్ళు లేరు. చీకట్లో పళ్ళు తెల్లగా కనబడతాయి కాబోలు, ఇదేదో కొత్త వైద్యం అయివుంటుందని ఆలోచనలో పడ్డాడు. ఎందుకైనా మంచిదని ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఎత్తలేదు. క్లినిక్‌లో చీటీలు రాసే అక్కకు చేసి, మెయిల్లో ఉన్న రంగే వేయాలా, కనుక్కొని చెప్పమన్నాడు.

అక్క కబురు శిక్షణ తరగతి మధ్యలో అందింది. తన ఎంపిక మీద మేస్త్రికి అనుమానమా అని డాక్టరమ్మకు చిర్రెత్తింది. బల్ల కింద ఫోన్ పెట్టుకుని జవాబు కొట్టింది. అక్క దాన్ని ఉన్నదున్నట్టు మేస్త్రికి చదివి వినిపించింది.

“మెయిల్లో ఎలా ఉంటే అలాగే వేయమను. ఒక్క చుక్క కూడా వదలొద్దు.”

అంతవరకూ ఆ చుక్కల్నేం చేయాలో తోచని మేస్త్రికి సందేహం తీరిపోయింది. ఏ గది కింద ఎన్ని ఉన్నాయో పెన్సిల్‌తో లెక్కపెట్టుకుని, నల్లరంగుతో పాటు ఒక డబ్బా వెండిరంగు కూడా తెప్పించాడు.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరమ్మ స్టేషన్ నుంచి నేరుగా వచ్చి తలుపు తీసింది. కరెంటు పోయిందనుకుని స్విచ్ కోసం తడుముకుంది. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

“చికిత్స గదిలో అరవై నాలుగు చుక్కలు మేడమ్,” అన్నాడు లోపలినుంచి మేస్త్రి. “కావాలంటే లెక్కపెట్టుకోండి.”

ఆవిడ మేస్త్రిని చెడామడా దులిపేసింది. మేస్త్రి అన్నీ విని, జేబులోంచి మడత కాగితం తీసి చేతికిచ్చాడు. తను ముస్తాబు చేసి పంపిన మెయిలు నల్లటి అక్షరాలతో, ఒంటినిండా చుక్కలతో కనబడింది. కోపం దిగింది, కుతూహలం మిగిలింది. మెయిళ్ళను ఇలా ఎందుకు చదువుతావని అడిగింది.

“రోజంతా రంగుల్లోనే ఉంటాను కదా మేడమ్. ఉత్తరాల్లో కూడా ఎందుకని మా అమ్మాయితో తీసేయించాను,” అన్నాడు. “మీరు నారింజ అని ఒక్క మాట రాసుంటే నారింజే వేసేవాణ్ణి.”

మళ్ళీ వేయడానికి ఎంతసేపు పడుతుందని ఆవిడ అడిగింది. నలుపు మీద ఇంకో రంగు నిలవాలంటే మూడు పూతలు, రెండు రోజులు పడుతుంది. బడి బస్సేమో పొద్దున్నే వచ్చేస్తుంది.

సోమవారం పిల్లలు ఏడుపు సిద్ధం చేసుకునే దిగారు. లోపల అడుగుపెట్టి గప్‌చిప్ అయిపోయారు. అందరిలోకీ గట్టి గొంతున్న పిల్ల మొదట కుర్చీలో వెనక్కి వాలి, నల్లటి సీలింగు మీద మెరుస్తున్న వెండి చుక్కల్ని చూసింది. దాని నోరు దానంతటదే తెరుచుకుంది. డాక్టరమ్మ ఆ సందులోనే పరీక్ష ముగించింది కానీ, ఆ పిల్ల దిగనంది. నలభై దాకా లెక్కపెట్టి మర్చిపోయిందట, మళ్ళీ మొదలుపెట్టాలట. పన్నెండు కొట్టేసరికి పాతిక నోళ్ళూ చూడటం అయిపోయింది.

ఈ ఆలోచన ఎవరిదని హెడ్‌మాస్టరమ్మ ఆశ్చర్యపోతూ అడిగింది. డాక్టరమ్మ, మెయిల్లో అలా కుదిరిందని నిజమే చెప్పింది. మిగతా తరగతుల పిల్లల్ని వారానికో జట్టుగా పంపుతానని హెడ్‌మాస్టరమ్మ అక్కడికక్కడే మాటిచ్చింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మేస్త్రికి మరో మెయిలు రాసింది. బోల్డ్ లేదు, రంగు లేదు. చాలా థాంక్స్, బయటి గోడకు మాత్రం నారింజ రంగు వేయమని ఉత్త అక్షరాల్లో అడిగింది.

మర్నాడే జవాబొచ్చింది. డాక్టరమ్మ మెయిళ్ళ అందం చూడలేకపోతున్నానని మేస్త్రి కూతురి చేత మళ్ళీ రంగులన్నీ పెట్టించుకున్నాడు, మర్యాదకు తనూ రంగులోనే రాశాడు. తెల్లటి తెర మీద లేత పసుపు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి, చదవబోతే ఒక్కటీ కనబడదు.

ఈ సంగతంతా మేస్త్రికి ఫోన్ చేసి అడిగాకే డాక్టరమ్మకు తెలిసింది.