డీకన్ గారి సంరక్షణలో

ఇలా రా తల్లీ, ఆ కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కో. గొంతు పెంచే ఓపిక నాకు లేదు. కానీ ఈ ఒక్క మాట మాత్రం పెద్దగానే చెప్పాలి: ఈ భూమ్మీద బీమా కంపెనీని మించిన చుట్టం లేదు! నేననడం కాదు. మా ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు పక్కన బోర్డు మీద, మేనేజరు క్రాండల్ గారి ఫొటోలో మెరిసే పళ్ళ పక్కనే, తలుపులంత అక్షరాలతో రాసి ఉండేది: "భయమెందుకు? మీ కుటుంబం మేమే!"

మా వెర్డెల్ ఆ బోర్డును నమ్మింది. ఆ రోజుల్లో జార్జియాలో మా ఊరికంతా తువాళ్ళ మిల్లే దిక్కు. వెర్డెలూ నేనూ ముప్పై ఒక్క ఏళ్ళు పక్కపక్క మిషన్ల మీద అంచులు కుట్టాం. దానికి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లో తనూ, డీకనూ. డీకన్ అంటే మన చర్చిలో పెద్దమనిషి కదా, ఈ డీకన్ మాత్రం పిల్లి. నల్లకోటు, తెల్ల కాలరు, ఎవరైనా ప్రసంగం మొదలుపెడితే చాలు నిద్ర. ఇంకేం పేరు పెడతారు చెప్పు!

వెర్డెల్ కుడి రొమ్ములో గడ్డ తగిలింది. క్యాన్సరే. రొమ్ము తీసేశాక రెండు రోజులైనా ఆసుపత్రిలో ఉంచాలంది డాక్టరమ్మ. ఖర్చు భరించాల్సిన బీమా కంపెనీ మాత్రం, అది ఒక్కపూట పని అంది. పొద్దున ఏడింటికి రండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి! నా పాత కారు బాగుచేయడానికి మెకానిక్కు అంతకన్నా ఎక్కువసేపు ఉంచుకునేవాడు.

నవ్వకు. మిల్లులో మాతో కుట్టిన ఓపల్ అలాగే ఒక్కపూటలో ఇంటికెళ్ళింది. ఐదో రోజుకు గాయం చీముపట్టి అంబులెన్సులో తిరిగొచ్చింది. మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు.

కోత అయింది. రెండింటికి కూడా వెర్డెల్ కళ్ళు సగమే తెరిచింది. చంక కిందనుంచి రెండు గొట్టాలు, వాటి చివర రెండు రబ్బరు బుడ్డీలు, వాటిలో ఎర్రటి నీరు. నర్సు నా చేతిలో ఒక కాగితం పెట్టి, "ఆరు గంటలకోసారి వంపి, కొలిచి, రాసుకోవాలమ్మా" అంది. కోడి మెడ విరవమంటే విరుస్తాను. మనిషి ఒంట్లోంచి వేలాడే గొట్టం ముట్టుకోమంటే మాత్రం నా వల్ల కాదు.

కంపెనీకి ఫోన్ చేశాను. తేనె లాంటి గొంతుతో ఒక పిల్ల ఎత్తింది.

"కుటుంబ సంరక్షణను మించిన మందు లేదమ్మా. ఆవిడ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరున్నారు తల్లీ, ఆ డీకన్ ఒక్కడే."

"డీకన్ గారున్నారా! ఇంకేం కావాలి! ఆయన ఇంటిపట్టునే ఉంటారా?"

"ఎక్కడికి పోతాడు, రోజంతా సోఫా మీదే."

"ఆరోగ్యం అదీ బాగుంటుందా ఆయనకు?"

"మొన్ననే నులిపురుగులకు మందు పోశాం. ఇప్పుడు బాగానే తింటున్నాడు. అయినా పిల్లా, వాడు..."

"చాలా సంతోషం అమ్మా!" అని పెట్టేసింది.

పది నిమిషాల్లో ఆసుపత్రికి కాగితం వచ్చింది. 'రోగిని శ్రీ డీకన్ గారి సంరక్షణకు అప్పగించవలెను. కావున ఆసుపత్రిలో బస అనవసరమని ఇందుమూలముగా నిర్ణయించడమైనది.'

చదివి వినిపిస్తే వెర్డెల్ నవ్వబోయింది. కుట్లు లాగాయి. "నవ్వించకే లూవీనియా, చస్తాను" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కదాన్నే ఆ ఇంట్లో... భయమేస్తోందే." ముప్పై ఒక్క ఏళ్ళలో దాని నోట ఆ మాట వినడం అదే మొదలు.

భయమెందుకు? బోర్డు గుర్తొచ్చింది నాకు!

దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దారిలో వాళ్ళింటి దగ్గర ఆగి డీకన్‌ను బుట్టలో పెట్టుకుని, నేరుగా కంపెనీ ఆఫీసుకు పోనిచ్చాను.

ఆ రోజు అక్కడ విందు. రొమ్ము క్యాన్సర్ మీద పోరాటమట! గోడలకు గులాబీరంగు రిబ్బన్లు. క్రాండల్ గారి గుండె మీద క్యాబేజీ అంత రిబ్బను. పేపరతను ఫొటోలు తీస్తున్నాడు. "ఈ పోరాటంలో మా అక్కచెల్లెళ్ళు ఒంటరివాళ్ళు కారు!" అని క్రాండల్ గారు అంటుండగా వెర్డెల్‌ను ఆయన ముందున్న తోలు సోఫాలో పడుకోబెట్టి, తల కింద దిండు సర్దాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"చుట్టాలింటికొచ్చాం నాయనా. కుటుంబంలో కోలుకోమన్నారుగా, కుటుంబం మీరేనన్నారుగా. బుడ్డీలు ఆరింటికి వంపాలి. కొలత గ్లాసు ఇదిగో."

ఆయన మొహం రిబ్బను కన్నా ఎర్రబడింది. గుమాస్తా పిల్ల పరుగున ఫైలు తెచ్చిచ్చింది. ఆయన అది తిప్పి చూసి అన్నాడు: "ఈవిడను చూసుకోవడానికి డీకన్ గారున్నారని ఇందులో ఉంది కదా! ఏరాయన?"

బుట్ట మూత తీశాను. డీకన్ బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, అతిథులను ఓసారి చూసి, చేప ముక్కల పళ్ళెం వైపు నడిచాడు.

"ఇది పిల్లి కదా!" అని కేక పెట్టాడు మేనేజరు. "రొమ్ము కోసి నాలుగు గంటలు కాలేదు, మనిషిని పిల్లికి అప్పగిస్తారా? మనసుందా మీకు? ఈవిడ ఆసుపత్రిలో ఉండాలి! కనీసం రెండు రోజులు!"

డీకన్ చేప నములుతూనే ఉన్నాడు. పేపరతను పెన్సిలు తీశాడు.

"కనీసం ఎన్ని రోజులన్నారు సార్?"

క్రాండల్ గారు పెన్సిలు వంక చూశారు, రిబ్బను వంక చూసుకున్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచమని అక్కడికక్కడే సంతకం పెట్టారు. నాలుగున్నరకల్లా వెర్డెల్ మళ్ళీ ఆసుపత్రి మంచం మీదుంది. రెండు రోజులూ నర్సులే బుడ్డీలు వంపారు. అది ఇంకో పందొమ్మిదేళ్ళు బతికింది, నన్ను సాధిస్తూ.

తప్పు మాదేనని కంపెనీ అన్నదనుకున్నావా? ఫైల్లో ఏం రాశారో తెలుసా? 'శ్రీ డీకన్ గారు అనివార్య కారణముల వలన విధులకు హాజరు కాలేకపోయినందున.' ఆ తర్వాత దరఖాస్తులో కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు: 'సంరక్షకులు మనుషులేనా?' రొమ్ము తీస్తే రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాలన్న మాట మాత్రం ఎక్కడా చేర్చలేదు.

అందుకే చెబుతున్నా, గుర్తు పెట్టుకో. నీ వాళ్ళకు ఈ కథ చెప్పు. పిల్లి దగ్గర ఎంతైనా నవ్వనీ. "భయమేస్తోందే" అన్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగు.