అన్ని పనులూ వచ్చిన కంప్యూటర్

నాకు అన్నిటికన్నా భయం ఒకటే: మా పాప ఊపిరి తడబడినప్పుడు నర్సుల గదిలో బెల్లు మోగకపోవడం. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఆ భయాన్ని శాశ్వతంగా తొలగించడానికే మంత్రిగారు ఈ రోజు మా పిల్లల వార్డుకి స్వయంగా విచ్చేశారని పాఠకులకు ఆనందంతో తెలియజేస్తున్నాను.

పిల్లల ఒంటికి తగిలించిన మిషన్ల కబురు నర్సులకి చేరవేసేది రూటర్ అనే నల్లపెట్టె. గోడకి వేలాడుతూ, ఎవరి జోలికీ పోకుండా ఇన్నేళ్లూ అదే పని చేసింది. మంత్రిగారు దాన్ని వేలితో తట్టారు.

"దీనికి ఇంకేం వచ్చు?"

"ఇంకేం రాదు సార్," పెద్దాఫీసరు సిగ్గుపడ్డారు.

"ఒక్క పనే వచ్చినవాణ్ణి నేను పార్టీలోనే ఉంచుకోలేదయ్యా!"

పెట్టె గోడ దిగింది. దాని చోట రూటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన మామూలు కంప్యూటర్ వచ్చింది.

"దీని మానాన దీన్ని వదిలేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది సార్," అన్నాడు బిగించినవాడు.

వదిలేయడం మంత్రిగారి రక్తంలోనే లేదు. కీబోర్డుంది కదా అని కుర్చీ వేయించారు. కుర్చీ ఉంది కదా అని గుమాస్తాని కూర్చోబెట్టారు. గుమాస్తా ఖాళీగా ఉన్నాడు కదా అని స్వాగతపత్రం టైపు చేయించారు, పాటలు పెట్టించారు. కంప్యూటర్ లోపలి ఫ్యాను ఆనందం పట్టలేక గుర్రుమంది. చివరికి గుమాస్తానీ మౌసునీ పొడుగు వైరుతో పక్క హాల్లోకి మార్చి, మంత్రిగారి విజయాల వీడియో కూడా అందులోంచే అక్కడి తెర మీదికి వదిలారు. చూడ్డానికి తల్లుల్నీ నర్సుల్నీ హాల్లోకి తోలారు.

"పాప దగ్గర ఎవరుంటారు నర్సక్కా?" అని అడిగాను.

"బెల్లు ఈ హాలు స్పీకర్లోనే మోగేట్టు ఆ కంప్యూటర్లో పెట్టార్లే తల్లీ. నవ్వుతూ కూర్చో, ఫోటోలు తీస్తున్నారు."

తెర మీద మంత్రిగారు కొత్త వంతెన ఎక్కబోతూ ఆగిపోయారు. లేచిన కాలు లేచినట్టే ఉంది. చప్పట్లు కొట్టాం. గుమాస్తా మౌసు జరిపాడు, విదిలించాడు, ఊదాడు. కాలు దిగలేదు.

అసలు మంత్రిగారు మైకందుకున్నారు.

"గమనించారా? ఇందాకట్నుంచి ఒక్క బెల్లయినా మోగిందా? కంప్యూటర్ పెట్టగానే పిల్లలందరికీ ఆరోగ్యం వచ్చేసింది!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నేనూ కొట్టాను. నర్సక్క మాత్రం తెర మీద ఆగిన కాలుకేసీ, మోగని స్పీకరుకేసీ చూసి, లేచి తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"ప్రసంగం అయ్యేదాకా తియ్యకూడదమ్మా," అన్నాడు కాపలావాడు.

ఆహ్వానపత్రం వెనక ఇది రాసి హాలు కిటికీలోంచి బయటున్న పత్రికాయన చేతికి అందిస్తున్నాను. ప్రసంగం దివ్యంగా సాగుతోంది. మీలో ఎవరైనా వార్డు పక్కగా వెళ్తుంటే, కిటికీ దగ్గర మంచంలో పసుపు టోపీ పెట్టుకున్న పిల్ల ఉంటుంది. దుప్పటి పైకీ కిందికీ కదులుతోందో లేదో, ఒక్కసారి చూడరూ.