గగనసింహానికి సన్మానం

‘శత్రువుల గుండెల్లో నిద్రపోయిన మన గగనసింహం బెన్నీ గారికి ఆదివారం సాయంత్రం కల్యాణమండపంలో ఘనసన్మానం జరుగును. అందరూ ఆహ్వానితులే’ అని ఆటోకు కట్టిన మైకు అవనిగడ్డ అంతా తిరిగి చెప్పింది. ఎవరికీ ఇందులో అనుమానం కలగలేదు, ఒక్క బెన్నీకి తప్ప.

బెన్నీ నౌకాదళంలో, ఓడ మీంచి ఎగిరే యుద్ధవిమానాలకు బాంబులు ఎక్కించే జట్టులో ఒకడు. విమానం నడపడు. జీవితంలో ఎక్కిన విమానం ఒకటే, అదీ టికెట్టు కొనుక్కుని. ఆ మధ్య సరిహద్దులో గొడవ ముదిరినప్పుడు ఎడమచేతి వేళ్లు నలిగి, కట్టుతో ఇంటికి వచ్చాడు. ఆ కట్టు చూసి సన్మాన సంఘం అధ్యక్షులు శోభనాద్రి గారు దేశభక్తి ఆపుకోలేకపోయారు. గొడవ జరిగినన్నాళ్లూ టీవీ ముందు నుంచి కదలక, భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని, వీరోచితంగా చూసినవారు ఆయన.

“నేను పైలట్‌ని కాదండీ” అన్నాడు బెన్నీ.

“అణకువంటే ఇదయ్యా!” అని ఆయన మరింత మురిసిపోయారు.

ఫ్లెక్సీ కోసం బెన్నీ పెళ్లిఫొటోలోంచి తల కత్తిరించి విమానంలో అతికించారు. అందువల్ల శత్రువు మీద బాంబులు కురిపిస్తూ పైలట్ కొంచెం సిగ్గుపడుతున్నాడు.

సభ కిటకిటలాడింది. “దివిసీమ పౌరుషం ఆకాశానికెక్కిన వేళ ఇది! ఎక్కడెక్కడ వేశావో నీ నోటితో చెప్పు బాబూ!” అని శోభనాద్రి గారు మైకు అందించారు.

“నేను వెయ్యనండీ. మేం బాంబుని లేపి రెక్క కింద తగిలిస్తాం. లేపేటప్పుడల్లా భయమేనండీ. విమానం వెళ్తుంది. ఒక్కోసారి వెయ్యకుండానే తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ దించాలి. ఆ రోజు దించుతుంటే ఓడ ఊగింది. కింద పెట్టిన ట్రాలీ కదిలి, దానికీ బాంబుకీ మధ్య నా చెయ్యి పడిపోయింది.”

ముందువరసలో ఒకాయన లేచాడు. “అంటే, ఆ బాంబు వెయ్యనే లేదా?”

“లేదండీ. నాకదే సంతోషం. కింద కూడా మనుషులుంటారు కదండీ.”

సభ నిరుత్సాహపడింది. “ఈ మాత్రానికి మొవ్వ నుంచి బస్సెక్కి వచ్చాం” అని ఎవరో న్యాయంగానే బాధపడ్డారు. శోభనాద్రి గారు మైకు తీసుకుని, వీరుడు మందుల మగతలో ఉన్నాడని ప్రకటించి, జరగాల్సిన యుద్ధమంతా తామే వివరించారు. చప్పట్లు హోరెత్తాయి. శాలువా కప్పడానికి మాత్రం బెన్నీ భుజాలు వాడుకున్నారు. తల్లి మార్తమ్మ వేదికెక్కి, “ఆ చెయ్యి పట్టుకోకండయ్యా, నొప్పి” అని బతిమాలింది. ఫొటోకి అడ్డమని ఆమెను మర్యాదగా దింపేశారు.

సెలవు అయిపోయి బెన్నీ బయలుదేరిన రోజు శోభనాద్రి గారు స్వయంగా బస్టాండుకు వచ్చారు.

“మళ్లీ యుద్ధం ఎప్పుడుంటుంది బాబూ?”

“ఉండకూడదనే అనుకుంటున్నానండీ. వేళ్లింకా ముడవలేకపోతున్నాను.”

“అది మన చేతుల్లో లేదులే. పెడితే మాత్రం వేసవి సెలవుల్లో పెట్టమని మీవాళ్లతో చెప్పు. పోయినసారి ఆఫీసులు, పిల్లల పరీక్షలు. సగం మంది సరిగ్గా చూడలేకపోయారు.”

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా, చాలా సబబైన కోరిక అన్నట్టు, తలలూపారు.