సభవాళ్ళకిచ్చిన తాంబూలం

"వాళ్ళు నిన్ను ఎత్తుకొని పోతే నేనేం చేసేదిరా?" అన్నది సుబ్బలక్ష్మమ్మ, పెనం మీద దోసె ఇంకా తిరగేయకముందే.

ఆమె కొడుకు గంగాధరప్ప చింతామణి కోర్టులో అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న వకీలు. ఆ ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కొని బస్టాండుకు బయలుదేరుతున్నాడు. బెంగళూరు నుంచి ఫ్రీమేసన్ల సభవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. అతని సీనియరు, చిక్కబళ్ళాపురం వకీలు పిళ్ళప్పగారు చాలా ఏళ్ళుగా ఆ సభలో ఉన్నారు. సభలో చేర్చుకోమని గంగాధరప్ప పేరు ఇచ్చింది ఆయనే. చేర్చుకునే ముందు మనిషి ఎలాంటివాడో ఇంటికి వచ్చి విచారించడం వాళ్ళ పద్ధతి.

"నేనేమన్నా కోడిపిల్లనా, ఎత్తుకపోయేదానికి? వాళ్ళకు బంగళా ఉండాది, బయట బోర్డు ఉండాది. ఆస్పత్రికి మంచాలిస్తారు, బీదపిల్లోళ్ళను చదివిస్తారు. ఇంట్లోవాళ్ళ ఒప్పిగె లేకుంటే ఎవర్నీ చేర్చుకోరు. నిన్నూ అడుగుతారు. ఊఁ అను, చాలు."

"లోపల ఏం చేస్తారు?"

"చానా సంగతులు చెప్తారు. ఏవో కొన్ని మాత్రం బయట చెప్పగూడదంట."

చెప్పే సంగతులన్నీ సుబ్బలక్ష్మమ్మ చెవి పక్కనుంచి పోయాయి. చెప్పగూడని ఆ కొన్ని మాత్రం నేరుగా కడుపులోకి దిగి కూర్చున్నాయి. దోసె మాడింది.

ఆమె భయానికి నూనె పోసినవాడు తమ్ముడు అంజినప్ప. చింతపండు వ్యాపారం మీద నెలకోసారి బెంగళూరు పోయి వస్తాడు కాబట్టి అతనికి తెలియనిది లేదు. "అక్కా, దాన్ని ఆడ దయ్యాల బంగళా అంటారు. కండ్లకు గంతలు కట్టి, మెడకు తాడేసి లోపలికి తోల్తారంట. ఆనక వాడికి ఇల్లూ వాకిలీ ఏదీ పట్టదంట. మేము పలానా అని వాళ్ళు చెప్పనే చెప్పరు. దారిన పోయేవాళ్ళ మాదిరి వస్తారు" అని మొన్ననే చెప్పిపోయాడు.

"నువ్వు చూసినావా?" అని ఆమె అడిగింది.

"చూసినోడు చెప్పడు గదక్కా!"

ఇంత భయానికీ అసలు కారణం వేరే ఉంది. చూపిన పిల్లనల్లా వద్దంటూ వచ్చిన గంగాధరప్ప, విదురాశ్వత్థ జాతరలో పరగోడు వెంకటరాయప్ప కూతురు లక్ష్మీదేవమ్మను చూసి, ఇంటికి వచ్చి, తలొంచుకొని, "ఆ అమ్మాయైతే సరే" అన్నాడు. ఆ మాట కోసం సుబ్బలక్ష్మమ్మ మొక్కని దేవుడు లేడు. పరగోడువాళ్ళకూ ఇష్టమే. ఒకసారి వాకబు చేసుకొని మాట ఖాయం చేస్తామని అంజినప్పతో చెప్పి పంపారు, సుబ్బలక్ష్మమ్మ వాళ్ళను ఇంకా చూడలేదు. ఈ లోపల పిల్లవాడు దయ్యాల బంగళాలో పడితే ఆ పిల్లను ఎవరిస్తారు?

గంగాధరప్ప బస్టాండుకు పోయిన కాసేపటికే వాకిట్లో ఇద్దరు నిలబడ్డారు. మాసిన పంచెలు, భుజాన తువ్వాళ్ళు.

"దారిన పోతాంటే దాహమైంది తల్లీ. కాసిని నీళ్ళిస్తావా?" అన్నాడు పెద్దవాడు.

సుబ్బలక్ష్మమ్మ గడప దాటకుండా ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళు!

"యాడినుంచి వస్తాండారప్పా?"

"ఇట్లే... గూళూరు పక్కనుంచి. వకీలప్ప ఇంట్లో లేడా? మంచి పిల్లోడంట గదా?"

వాకబుకు వచ్చినవాళ్ళేమో అన్న అనుమానం ఆమెకు రాకపోలేదు. కానీ పరగోడు పక్క వాకబుకు వచ్చేవాళ్ళు ఇల్లు తొక్కరు. వీధి చివర సోడా అంగడిలో కూర్చొని, వచ్చేపోయేవాళ్ళను కదిలించి సంగతి లాగుతారు. నేరుగా ఇంట్లోకి వచ్చి ఊరు చెప్పడానికి నసుగుతున్నారంటే వీళ్ళు సభవాళ్ళే. మరి వీళ్ళను తరిమేదెట్లా? మంచివాణ్ణే కదా చేర్చుకునేది! మజ్జిగ చెంబు చేతికిచ్చి, కొంగుతో కళ్ళు ఒత్తుకొని మొదలుపెట్టింది.

"మంచి పిల్లోడా? చూసేదానికే అప్పా. కోర్టు నుంచి వస్తే తాగుడే."

"అయ్యో! ఏం తాగుతాడు తల్లీ?"

ఆమెకు వాటి పేర్లు తెలియవు. "ఏది దొరికితే అది" అన్నది.

"కోపం గీపం?"

"ఇంట్లో సొట్ట పడని చెంబు లేదు."

పెద్దాయన చేతిలోని చెంబును తిప్పి చూశాడు. దానికీ ఒక సొట్ట ఉంది. అది బావిలో పడినప్పటిది.

"దేవుడూ, పూజా?"

"దీపం కంటబడితే ఊదేస్తాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందు పనిచేస్తోందని ఆమెకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలో, "యాడో ఒకామె కూడా ఉండాదని చెప్పుకుంటారు" అనేసింది. అనేసి చెంపలేసుకోబోయి ఆగింది.

పెద్దాయన సగం మజ్జిగ అట్లాగే వదిలి లేచి చేతులు జోడించాడు. "ఎట్లా ఏగుతాండావో తల్లీ. నిజం చెప్పి మమ్మల్ని కాపాడినావు. నీ పుణ్యం మరిచిపోము."

సభవాళ్ళే అయినా మనసున్న మనుషుల్లాగా ఉన్నారే అనుకున్నది సుబ్బలక్ష్మమ్మ.

ఆమె చెంబు కడిగి బోర్లించిందో లేదో, పక్కింటి మునివెంకటమ్మ రొప్పుతూ వచ్చింది. "అక్కా, వీధి చివర కారు నిలిచింది! తలకు పేటా కట్టిన పెద్దాయన ఒగడు, కోటాయన ఒగడు. సోడా అంగడి మూసిండాదని ఎండలోనే నిలబడుకొని, మీ వాడి గుణం ఎట్లాంటిదని కనపడినోళ్ళనంతా అడుగుతాండారు!"

ఇంక చెప్పేదేముంది? ఇదే వాకబు. సుబ్బలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకొని, గడపలో ఎదురుపోయి కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"మీ అబ్బాయి విషయంగా వచ్చినామమ్మా" అన్నాడు పేటా పెద్దాయన.

"తెలుసప్పా, మీ కోసమే చూస్తాండాను."

"తాగే అలవాటు?"

"కాఫీ కూడా రెండోసారి అడగడు."

"దైవభక్తి?"

"దీపం పెట్టందే మెతుకు ముట్టడు."

"మీకు మనసారా సమ్మతమేనా? తర్వాత ఇంట్లో నొచ్చుకోగూడదు చూడండి."

సుబ్బలక్ష్మమ్మ గబగబా లేచింది. లోపలికి పోయి పళ్ళెంలో ఆకువక్క, అరటిపండ్లు, టెంకాయ, పసుపూ కుంకుమ పెట్టి తెచ్చింది. ఆ పళ్ళెం ఇచ్చిందంటే ఆ ఇంటి మాట తిరగదు. "ఈ పొద్దునుంచి వాడు మీవాడప్పా" అని రెండు చేతులా అందించింది.

పెద్దాయనకు కళ్ళు చెమర్చాయి. "ఎన్నో ఇండ్లకు పోయినానమ్మా. అందరూ భయపడేవాళ్ళే. తాంబూలంతో ఇచ్చిన తల్లిని ఇప్పుడే చూస్తాండాను" అన్నాడు. కోటాయన టెంకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చీర మాత్రం మేమే తెస్తాము" అన్నది సుబ్బలక్ష్మమ్మ.

"చీర ఏమిటికమ్మా?"

అప్పుడే గంగాధరప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు. "క్షమించాల సార్. బస్సులో వస్తారని ఆడే కాచుకొనుంటిని. అమ్మా, బెంగళూరు సభవాళ్ళు వీళ్ళే."

"మరి పొద్దున వచ్చినోళ్ళు?"

"పొద్దున ఎవరొచ్చినారు?"

దానికి జవాబు వాకిట్లోనుంచి వచ్చింది. అంజినప్ప చెప్పులు కూడా విడవకుండా లోపలికి దూసుకొచ్చాడు. "అక్కా! పరగోడు వెంకటరాయప్పా, వాళ్ళన్నా బాగేపల్లి బస్సెక్కుతాంటే కనపడినారు. సోడా అంగడి మూసిండాదని నేరుగా ఇంటికే వచ్చినారంట గదా! సొంత తల్లే ఏడ్చుకుంటా చెప్పింది, ఈ సంబంధం వద్దప్పా అనేసినారు. ఏం చెప్పినావక్కా నువ్వు?"

సుబ్బలక్ష్మమ్మ కోటాయన ఒళ్ళోని టెంకాయ వైపు చూసింది.

మరునాడే తమ్ముణ్ణి వెంటేసుకొని పరగోడు పోయింది. వెంకటరాయప్ప పీట వేసి మర్యాద చేశాడు. ఆమె ఏదీ దాచకుండా అంతా చెప్పింది. అతను ఓపికగా విన్నాడు.

"కొడుకును పొగిడి అబద్ధం చెప్పే తల్లుల్ని చానామందిని చూసినానమ్మా. తిట్టి అబద్ధం చెప్పే తల్లి యాడన్నా ఉంటుందా? నిన్న చెప్పిందే నిజం. ఇంట్లో ఏం జరిగిందో ఏమో, ఈ పొద్దు భయపడి వచ్చినావు."

"కావాలంటే ఆ సభ పెద్దాయన్నే అడగప్పా. మావాడు బంగారమని ఆయన రాసిస్తాడు" అన్నాడు అంజినప్ప.

"ఆయనకెట్లా తెలుసు?"

"మా అక్కే చెప్పింది గదా!"

వెంకటరాయప్ప లేచి తువ్వాలు దులుపుకున్నాడు. తలుపు వెనకాల గాజుల చప్పుడు అయింది. లోపలి గది తలుపు మెల్లగా మూసుకుంది. ఆ శ్రావణంలోనే లక్ష్మీదేవమ్మను గౌరిబిదనూరు వాళ్ళకిచ్చి చేశారు.

గంగాధరప్ప తల్లిని ఒక్క మాట అనలేదు. అసలు మాటలే తగ్గించాడు. "అన్నం", "నీళ్ళు", "పోయొస్తా" - అంతే. తిడితే ఏడ్చి ఊరుకునేది. తిట్టని కొడుకును ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

సభలో చేరాక ఒక ఆదివారం ఆమెను బెంగళూరు భోజనానికి తీసుకుపోయాడు. దయ్యాల బంగళా ముందు నిజంగానే బోర్డు ఉంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వకీళ్ళ తల్లులు, డాక్టర్ల పెండ్లాలు బంతిలో కూర్చొని పూర్ణం హోళిగె తింటున్నారు. పిళ్ళప్పగారి భార్య ఆమెకు గదులన్నీ తిప్పి చూపించింది. తాంబూలమిచ్చిన తల్లి ఈమేనని పేటా పెద్దాయన అందరికీ చెప్పాడు. అందరూ లేచి నమస్కారం పెట్టారు. ఆమె విస్తరిలో హోళిగె అట్లాగే ఉండిపోయింది. వచ్చి, కళ్ళారా చూసి, ఒక్క మాట అడిగి ఉంటే పోయేది కదా.

తిరుగు బస్సులో కొడుకు కిటికీ పక్కన కూర్చున్నాడు. హొసకోట దాటింది. ఆమెకు ఉండబట్టలేదు.

"నాయనా, అంతమంది నన్ను అంత మర్యాదగా చూసినారే. నీకు మాత్రం నామీద కోపం పోలేదా?"

కండక్టరు వచ్చి పోయాడు. రాగిచేలు వెనక్కి పోయాయి. కైవారం క్రాసులో కొందరు దిగారు, కొందరు ఎక్కారు. ఇంక చెప్పడులే అని ఆమె కొంగు తల మీదకు లాక్కుంది.

"కోపమేమిటికమ్మా?" అన్నాడు గంగాధరప్ప, బయటకే చూస్తూ. "రెండు చోట్లా నీ మాటనే నమ్మినారు."