మూడు పాటలకు ఒక్క పేరు చాలదా?

పాటపాటకూ వేరే పేరుండాలనడం ఒట్టి మూఢనమ్మకం! జీవితమంతా మూఢనమ్మకాలను ఖండిస్తూ వచ్చిన నాకు ఈ సత్యం రిటైరయ్యాక, అదీ యూట్యూబ్ దయవల్ల బోధపడినందుకు సిగ్గుపడుతున్నాను.

జగిత్యాల గాయకుడొకడు ‘సల్లంగ పోయిరా తల్లీ’ అనే పాట విడుదల చేశాడు. అది పెళ్లికూతురి అప్పగింతల పాట. కొద్దిరోజులకే కోరుట్ల బృందమొకటి ‘సల్లంగ పోయిరా తల్లీ’ని విడుదల చేసింది. అది బతుకమ్మను నీట వదిలేటప్పుడు గౌరమ్మకు చెప్పే వీడ్కోలు, డీజే మోతతో సహా. ఆ వెనకే సిరిసిల్ల నుంచి మరో ‘సల్లంగ పోయిరా తల్లీ’ వచ్చింది. అది కన్నతల్లి శవాన్ని సాగనంపే పాట.

ముగ్గురూ పేరు పక్కన ‘ఒరిజినల్’ అని రాసుకున్నారు. మూడు ఒరిజినళ్లున్న వస్తువు లోకంలో మరొకటి ఉందా?

అజ్ఞానులు దీన్ని గందరగోళమన్నారు. ఎంతమాట! ఇది మన భాషలోని పొదుపు. కూతురూ తల్లే, గౌరమ్మా తల్లే, తల్లి సరేసరి. పైగా మనం ఎవరినీ ‘పో’ అనం, తిరిగి రాని వారిని సైతం ‘పోయిరా’ అనే అంటాం. మర్యాద ఒక్కటే అయినప్పుడు పేర్లు మూడెందుకు?

ఇంకా నమ్మని వారి కోసం ఒక నిదర్శనం.

కోరుట్లలో మా పొరుగింటి బాలమణి కూతురు సుస్మిత పెళ్లి జరిగింది. అప్పగింతల వేళ డీజే రాకేశ్ ఫోన్‌లో పాట పేరు కొట్టి, అన్నిటికన్నా పైన కనిపించినదాన్ని నొక్కాడు. డప్పు మొదలైంది. అందరూ ఏడ్చారు. మగపెళ్లివారు కూడా వెక్కివెక్కి ఏడ్చారు! రెండో చరణంలో పాడె లేచేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

మొదట తేరుకున్నది వరుడి మేనత్త పోశవ్వ. “బందు వెట్టుర్రా! పిల్లను అత్తగారింటికి తోలుతున్నరా, కాటికి తోలుతున్నరా?”

“టైటిల్ గదే ఉన్నది గద పెద్దమ్మా! దీనికే వ్యూస్ ఎక్కువ,” అన్నాడు రాకేశ్.

“నీ వ్యూసుల మన్నువడ! పిల్లను కారెక్కియ్యకుర్రి. గీ అపశకునంతోని మా గడప తొక్కద్దు.”

కారు తలుపు దగ్గర సుస్మిత అలాగే నిలబడిపోయింది. చదువుకున్నవాణ్నని పెద్దలు నా వంక చూశారు. లౌడ్ స్పీకర్‌కూ మనిషి ఆయుష్షుకూ కార్యకారణ సంబంధం లేదని సోదాహరణంగా వివరించాను.

“సారూ, నీ సదువు నీ తాన వెట్టుకో,” అంది పోశవ్వ.

పొరపాటు దిద్దుకుందామని రాకేశ్ మళ్లీ అదే పేరు కొట్టాడు. ఈసారి రెండోదాన్ని నొక్కితే కోరుట్ల వారి డీజే బతుకమ్మ పాట వచ్చింది. వరుడి స్నేహితులు ఎగిరారు!

అప్పుడు బాలమణి స్పీకర్ వైరు పీకేసి కూతుర్ని చుట్టేసుకుంది. “సుస్మితా, నా బిడ్డా, నన్నిడిసి పోతున్నవా? పొద్దుగాల లేస్తె ఎవల్ని పిలువాలె బిడ్డా?”

పోశవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఊకో చెల్లే, మాకు మాత్రం బిడ్డ గాదా?” అంటూ పిల్లను తానే కారెక్కించింది.

ఇంత అపురూపమైన ఏడుపును వృథా పోనిస్తారా? రాకేశ్ దాన్ని ఫోన్‌లో పట్టాడు. వెనక డప్పు కలిపి విడుదల చేశాడు. పేరేమిటని అడగకండి. మంచి పేరు ఒకటి సిద్ధంగా ఉండగా కొత్తది వెతకడం దుబారా!

మొన్న మా వీధిలో ఒక శవయాత్ర సాగింది. పాడె ముందు ట్రాలీ ఆటోలో స్పీకర్లు. శోకానికి తగిన పాటే పెట్టారు, అందులో లోపమేమీ లేదు. వాకిలి ఊడుస్తున్న బాలమణి చీపురు వదిలేసి, ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిల్చుంది. తర్వాత నా గేటు దగ్గరికి వచ్చింది.

“సారూ, నా బిడ్డ సల్లంగున్నది. ఇప్పుడే ఫోన్ల మాట్లాడింది. మరి గా పాడె ముంగట స్పీకర్ల దాని పేరువెట్టి నేనెందుకు ఏడుస్తున్న?”

పాఠకులారా, హేతుబద్ధమైన జవాబు మీకేమైనా తోస్తే దయచేసి ఆమెకు చెప్పండి. ఇల్లు మా పక్కదే.